ఆయమ్మ చెప్పిన కాకి

నా కూతురు చనిపోయిందని మా అత్తగారూ మామగారూ ఏడ్చుకుంటూ గుమ్మంలోకి వచ్చేసరికి, నా కూతురు ఆయమ్మ రవిక లోపల నిద్రపోతోంది.

బుధవారం, పొద్దున తొమ్మిది గంటలు. వాళ్లు గూడూరు నుంచి రైల్లో వచ్చి, సెంట్రల్ దగ్గర రిక్షా ఎక్కి, దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నట్టున్నారు. రాయపురంలో మాది ఆరు వాటాల ఇల్లు. మిగతా అయిదు వాటాల ఆడవాళ్లూ కొళాయి దగ్గర బిందెలు వదిలేసి వచ్చి చుట్టూ నిలబడ్డారు. మా అత్తగారు గడప దాటలేక అక్కడే కూలబడింది. మామగారు కండువాతో కళ్లు తుడుచుకుంటూ జేబులోంచి ఒక పోస్టుకార్డు తీసి నా ముందు పట్టుకున్నారు. అది నా దస్తూరీ. లోపలి గదిలో జ్వరంతో పడుకున్న నా భార్య తల్లి గొంతు విని, ఎవరికేమైందని అడుగుతోంది.

మాటలు రాసి జీతం తీసుకునేవాణ్ణి నేను. ఆ నిమిషంలో అచ్చుతప్పులు వెతికేవాడిలా ఆ కార్డునే చూస్తూ నిలబడ్డాను.

మా పొరుగావిడ ఆయమ్మ గోడకు ఆనుకుని పీట మీద కూర్చుని ఉంది. లేవలేదు. పైట కొంచెం పక్కకు తీసి, బత్తాయి పండంత తలను చూపించింది.

"ఈడుంది చూడమ్మా నీ మనవరాలు. కొంచెం మెల్లిగా ఏడువు, లేస్తది."

మా అత్తగారి ఏడుపు సగంలో ఆగిపోయింది. మామగారు నా వైపు చూశారు. నేను ఆయమ్మ వైపు చూశాను. ఆమె ఎవరి వైపూ చూడకుండా పైట సర్దుకుంటూ అంది:

"తప్పు నాదే పెద్దాయనా. ఆదివారం పొద్దున బిడ్డకు ఎండ తగలాలని వాకిట్లోకి తెచ్చినా. అర నిమిషం. కాకి వచ్చి తల మీద తన్నేసి పోయింది. మీ ఇళ్లల్లో దానికేం చేస్తారో నాకు తెలుసు గదా. ఈ అయ్యను కూర్చోబెట్టి నేనే రాయించినా. వద్దనే అన్నాడు, పాపం."

ఈ ఆచారం తెలియనివాళ్ల కోసం చెబుతాను. కాకి తలను తన్నితే ఆ మనిషికి కీడని మా వైపు నమ్మకం. ఆ కీడు పోవాలంటే దూరాన ఉన్న బంధువులకు ఆ మనిషి పోయినట్టు కబురు పంపాలి. వాళ్లు నిజమని నమ్మి ఏడవాలి. ఆ ఏడుపుతో గండం గడిచిపోతుంది. ఆ తర్వాత నిజం చెప్పి, తిట్లు తిని, భోజనం పెడతారు.

మామగారు జిల్లా బోర్డు బడిలో హెడ్‌మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. తప్పు కనిపిస్తే వదలరు. కార్డు మళ్లీ చదివారు. చావు కబురైతే మూలకు నలుపు పుయ్యాలి, పుయ్యలేదు, అప్పుడే అనుమానించాల్సింది అన్నారు. తర్వాత, "తేదీ వెయ్యలేదే. ఏ వారం, ఏ గంటకు పోయిందో కూడా ఖాళీగా వదిలేశారే అల్లుడుగారూ" అన్నారు.



"అబద్ధానికి తేదీ వేస్తే ఆ తేదీకి అది నిజమై కూర్చుంటది పెద్దాయనా. అందుకే వద్దన్నా" అంది ఆయమ్మ.

మామగారు అదీ నిజమే అని, కార్డును నాలుగు ముక్కలు చేసి వాకిట్లో పారేశారు. మా అత్తగారు కళ్లు తుడుచుకుని, రాత్రి నుంచి తాను ఎంత బాగా ఏడ్చిందో అందరికీ చెప్పడం మొదలుపెట్టింది. నిజంగానే ఏడ్చాను, ఇక నా మనవరాలికి నూరేళ్లు అంది.

కాకి లేదు. ఆ కార్డు నన్ను ఎవరూ రాయమనలేదు. నా అంతట నేనే రాశాను.

ఆయమ్మ పోయిన నెల చనిపోయింది. ఆమె అసలు పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ప్రసవాల ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు ఆయాగా పనిచేసి, రిటైరై, మా ఇంట్లో వీధివైపు గదిలో ఒంటరిగా ఉండేది. కొడుకు పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో పనివాడు, అక్కడే క్వార్టర్సులో ఉండేవాడు. తెలుగు క్రైస్తవులు. తాతల కాలంలో నెల్లూరు దిక్కు నుంచి వచ్చారట. ఎప్పుడని అడిగితే, "ఆ రోజు నేను బరువు చూడలేదు" అనేది.

ఆమె మనుషులను బరువుతో గుర్తుపెట్టుకునేది. ఎవరింట్లో కాన్పు అయిందన్నా, ఆడా మగా అని అడిగేది కాదు, ఎన్ని పౌన్లు అని అడిగేది. రాయపురంలో మీసాలు తిప్పుకుని తిరిగే మగవాళ్లను చూసి, "వాడా, అయిదున్నర పౌన్లు. మూడు రోజులు పాలు తాగలా" అనేది. చేపల హార్బరు దగ్గర అందరినీ అదిరించే ఒక మేస్త్రి ఆమెను చూస్తే పక్క సందులోకి తప్పుకునేవాడు. వాడు నాలుగు పౌన్లట.

పసిబిడ్డను ముట్టుకునే ముందు ఆమె రెండు చేతులూ తన చంకల్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, వన్ నుంచి ట్వంటీ దాకా లెక్కపెట్టేది. ఇంగ్లీషులో ఆమెకు వచ్చింది అంతే. చల్లటి చెయ్యి తగిలితే బిడ్డ తాను పుట్టినందుకు బాధపడుతుందని ఆమె సిద్ధాంతం. ఈ అలవాటు ఎంత ముదిరిందంటే, ఎవరికైనా కాఫీ లోటా అందించేటప్పుడు కూడా ముందు చేతులు చంకల్లోకి పోయేవి.

నన్ను ఎడిటరయ్యా అని పిలిచేది. నేను ఎడిటర్ని కాను. మా పత్రికలో అయిదుగురు సబ్‌ఎడిటర్లలో నాలుగోవాణ్ణి. వాతావరణం, రైళ్ల వేళల్లో మార్పులు, మరణవార్తలు, ఇవి నా శాఖలు. ఆ రోజుల్లో ఆఫీసంతా మద్రాసు ఎవరికి చెందాలన్న గొడవలో మునిగి ఉండేది. సాయంత్రం ఇంటికొచ్చి నేను కూడా ఆ వేడితోనే మాట్లాడేవాణ్ణి. ఆయమ్మ శ్రద్ధగా విని, "ఎవరిదైతే ఏంది, కొళాయిలో నీళ్లొస్తే సెరి" అనేది. మా సంపాదకీయాల్లో అంత స్పష్టత ఎప్పుడూ చూడలేదు.

మరణవార్తల గురించి ఒక సంగతి చెప్పాలి. పెద్దమనుషులెవరైనా మంచం పట్టారని తెలిస్తే పత్రికలవాళ్లం వాళ్ల జీవిత విశేషాలు ముందే రాసి, కంపోజు చేయించి, దారం చుట్టి అరలో పెట్టి ఉంచుతాం. తేదీ, వేళ మాత్రం ఖాళీ. కబురు రాగానే అవి నింపితే చాలు. ఈ పనిలో నన్ను మించినవాడు లేడని ఆఫీసులో పేరుండేది. నేను సిద్ధం చేసినవాళ్లలో సగం మంది ఇప్పటికీ ఆరోగ్యంగా తిరుగుతున్నారన్నది వేరే విషయం. అది చూసైనా నా అంచనాల మీద నాకు అనుమానం కలగాల్సింది. కలగలేదు.

ఏడేళ్ల కిందట, ట్రాములు ఇంకా నడుస్తున్న రోజుల్లో, నా భార్యకు ఏడో నెల నడుస్తూండగా కొళాయి దగ్గర నొప్పులు మొదలయ్యాయి. పురిటికి పుట్టింటికి పంపాలని టిక్కెట్టు కూడా తీసుకున్నాం. ఆయమ్మ తలుపు మూసింది. గంటన్నర తర్వాత తలుపు తెరిచి, "మూడు పౌన్లు. దొరసాని మాదిరి ఉంది, ముక్కు చూడు" అంది.

నేను ముక్కు చూడలేదు. ఒక్కసారి చూసి తల తిప్పుకున్నాను. చర్మం కింద నరాలన్నీ కనిపిస్తున్నాయి. డాక్టరు వచ్చి చూసి, ఊపిరి బాగానే ఉంది, ఒళ్లు వెచ్చగా ఉంచండి, పది రోజులు గడవనివ్వండి, ఇప్పుడేమీ చెప్పలేం అని వెళ్లిపోయాడు.

ఇప్పుడేమీ చెప్పలేం అంటే ఏమిటో మరణవార్తల శాఖవాడికి తెలియదా?

ఆయమ్మ వేణ్నీళ్ల సీసాలూ దూదీ తెప్పించింది. ఒక పూట చూసి సీసాలు పక్కన పెట్టేసింది. "సీసా చల్లారిపోతది. మనిషి చల్లారడు" అని బిడ్డను తన రవికలో వేసుకుని పైట కప్పుకుంది. తల్లికి జ్వరం, అందుకని పగలంతా తానే. తల్లిపాలు పిండి, మరిగించిన కొత్త ఇంకు ఫిల్లరుతో చుక్కచుక్కగా పోసేది. ఒక్కోసారి పట్టడానికి ముప్పావుగంట పట్టేది. ఫిల్లరు తెచ్చింది నేనే. ఆ వారంలో నా కూతురికి నేను చేసిన సేవ అదొక్కటే. దానికి కూడా ఆఫీసు నుంచి వస్తూ దారిలో ఆగానంతే.

మిగతా సమయంలో నేను లెక్కలు కట్టాను. ఏడో నెల బిడ్డ బతుకుతుందని, ఎనిమిదో నెల బిడ్డ బతకదని పెద్దలంటారు. ఏడు నిండి ఎనిమిది పడిందా లేదా అని పంచాంగం పెట్టుకుని ప్రూఫు కాగితాల వెనక కూడికలు వేశాను. ఆయమ్మ ఆ కాగితం తీసి బిడ్డ కింద పొత్తిగుడ్డకు అడుగున వేసింది. "దీనికి క్యాలెండరు తెలీదు, నువ్వు చెప్పమాక" అంది.

ఆమె రోజూ నన్ను పిలిచేది, ఎత్తుకోమని. నేను రోజూ ఒక సాకు చెప్పేవాణ్ణి. చేతికి సిరా ఉంది అనేవాణ్ణి. సిరా నిజంగానే ఉండేది. కానీ అసలు సంగతి అది కాదు. ఎత్తుకుంటే ఆ బరువు చేతికి గుర్తుండిపోతుందని భయం. పోయేదాన్ని గుర్తుపెట్టుకోవడం ఎందుకని నా తెలివి.

నా భార్య మాత్రం మొదటి రోజు నుంచీ అమ్మకు కార్డు రాయండి, అమ్మను రమ్మనండి అంటూనే ఉంది. రాశాను. ఒకటి కాదు, రెండు. ఒక దానిలో, నెలలు నిండకుండా కాన్పు అయింది, తల్లీ బిడ్డా క్షేమం, వీలు చూసుకుని రండి అని రాశాను. రెండో దానిలో, నెలలు నిండకుండా కాన్పు అయింది, ఫలానా వారం ఫలానా గంటకు బిడ్డ పోయింది, తల్లి క్షేమం అని రాశాను. వారానికీ గంటకూ ఖాళీ వదిలాను. ఏది నిజమైతే అది పోస్టు చెయ్యవచ్చు. ధ్రువపడని వార్త పత్రికలో వెయ్యకూడదు కదా. రెండూ మందు సీసా పక్కన, బల్ల మీద పంచాంగం కింద పెట్టి, రాశాను అని భార్యతో చెప్పాను. అబద్ధం కాదు. పోస్టు చేశానని మాత్రం ఆమె అనుకుంది.

ఆరో రోజు ఆదివారం. నేను ఆఫీసుకు వెళ్లాను. నా భార్య బల్ల మీద కార్డు అంచు చూసి, ఇంకా పంపలేదా అని బాధపడిందట. చర్చికి బయలుదేరుతున్న ఆయమ్మ, పక్క వాటా ఆవిడకు బిడ్డను అప్పగించి, "నేను వేసేస్తాలే" అని ఒక కార్డు తీసుకుపోయింది. సాయంత్రం వచ్చి చూస్తే బల్ల మీద ఒకటే కార్డుంది. క్షేమం అన్నది. రెండోది నేనే ఎక్కడో దాచి మరిచిపోయి ఉంటానని మూడు రోజులు నాకు నేను చెప్పుకున్నాను. బుధవారం అది మామగారి జేబులోంచి బయటికొచ్చింది.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయమ్మ నన్ను తన గదిలోకి పిలిచింది. నేను చెయ్యాల్సిన క్షమాపణ మనసులో రెండు మూడు రకాలుగా రాసుకుని వెళ్లాను. ఆమె ఏదీ చెప్పనివ్వలేదు.

"చొక్కా విప్పు, ఎడిటరయ్యా."

నేను బిత్తరపోయాను. సిరా అన్నాను.

"ఒళ్లంతా సిరానా? నూటపది పౌన్లుండి మూడు పౌన్లకు భయపడతావా. విప్పు."

విప్పాను. నన్ను గోడకు చేరగిలబెట్టి, తన చేతులు చంకల్లో పెట్టుకుని వన్, టూ అని మొదలుపెట్టింది. ట్వంటీ అయ్యాక బిడ్డను తీసి నా ఎదమీద బోర్లా పడుకోబెట్టి, తన పాత చీర మా ఇద్దరికీ కలిపి చుట్టి ముడేసింది. "సుమ్మా ఉండు. మాట్లాడమాక, కదలమాక" అని వెళ్లి చాప మీద పడుకుని నిద్రపోయింది. ఆ తొమ్మిది రోజుల్లో ఆమె పగలు నిద్రపోవడం అదే మొదలు.

మూడు గంటలు కూర్చున్నాను. కాళ్లు తిమ్మిరెక్కాయి. ముక్కు మీద ఈగ వాలింది, తోలుకోలేదు. ఆఫీసుకు వేళ దాటిపోయింది. గదిలో పచ్చిచేపల వాసన, వీధిలో ట్రాము గంట. ఎదమీద ఏముందో మొదట తెలియలేదు, తడిగుడ్డ వేసినట్టుంది. తర్వాత అది ఊపిరి తీస్తోందని తెలిసింది. నేను తీసే ఒక ఊపిరికి అది మూడు తీస్తోంది. ఒకసారి మధ్యలో ఆగింది. నేను కూడా ఆపేశాను. మళ్లీ మొదలుపెట్టింది. అప్పుడు దాని ముక్కు చూశాను. ఆయమ్మ చెప్పింది నిజమే.

ఆ తర్వాత వంతులు వేసుకున్నాం. పొద్దున మా అత్తగారు, మధ్యాహ్నం ఆఫీసుకు వెళ్లేదాకా నేను, సాయంత్రం ఆయమ్మ. నలభై రోజులు. ఆఫీసులో నా చొక్కాకు పాలవాసన వస్తోందని నవ్వేవాళ్లు. మా చీఫ్ సబ్‌ఎడిటర్ ముక్కు మూసుకుని ప్రూఫులు అందించేవాడు. నేను గర్వంగా కాలరు సర్దుకునేవాణ్ణి. పిల్లకు అయిదు పౌన్లు వచ్చిన రోజు ఆ వార్తను వాతావరణ సూచన కింద వేద్దామా అని కూడా ఆలోచించాను.

ఇక్కడిదాకా చెప్పడం తేలిక. నా భార్య సంగతి చెప్పాలి.

కాకి కథ ఆమె లోపలి గదిలోంచి మొత్తం విన్నది. మా అత్తగారిలాగా ఆమెకు అది ముచ్చటగా తోచలేదు. బతికున్న నా బిడ్డను పోయిందని రాయిస్తుందా అని ఆయమ్మతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆయమ్మ ఫిల్లరుతో పాలు పడుతుంటే గోడ వైపు తిరిగి పడుకునేది. పాలు పిండి ఇచ్చేటప్పుడు గిన్నె చేతికివ్వకుండా నేల మీద పెట్టేది. ఆయమ్మ ఆ గిన్నె వంగి తీసుకునేది. నేను చూస్తూ ఉండేవాణ్ణి.

రెండో రోజు నా భార్య నన్ను అడిగింది. "ఆమె చెబితే మాత్రం, మీకు చెయ్యెలా వచ్చిందండీ?"

అప్పుడైనా నిజం చెప్పి ఉండవచ్చు. గదిలో ఎవరూ లేరు కూడా. నేనేమన్నానంటే, "పెద్దామె, బలవంతం చేసింది" అన్నాను.

ఆయమ్మ గుమ్మం అవతలే ఉంది. విన్నదో లేదో తెలియదు. కాసేపటికి లోపలికి వచ్చి, "పొత్తిగుడ్డలు ఆరినాయా చూడు ఎడిటరయ్యా" అంది. నేను గుడ్డలు తేవడానికి వెళ్లాను. మూడో రోజు నా భార్యకు జ్వరం తగ్గింది. కోపం కూడా దానితోనే పోయింది. తర్వాత వాళ్లిద్దరూ తల్లీకూతుళ్లలాగా ఉన్నారు. అయినా ఆ కార్డు మాట వచ్చినప్పుడల్లా నా భార్య, ఆయమ్మ మంచిదే గానీ ఆ ఒక్క పని చెయ్యాల్సింది కాదు అనేది. ఆయమ్మ ఒప్పుకునేది. "అవును, తప్పే" అనేది, నా ముందే, మొహంలో ఏమీ లేకుండా.

ఆమె ఆ కార్డు పొరపాటున తీసిందా, తెలిసే తీసిందా అన్నది నన్ను ఏడేళ్లు తొలిచింది. ఆమెకు చదువు రాదనే అందరూ అనుకునేవాళ్లం. చర్చికి బైబిలు పట్టుకుపోయేది గానీ తెరిచి చదువుతుండగా ఎవరూ చూడలేదు. కోలారు గనుల నుంచి చెల్లెలు రాసే ఉత్తరాలు నాచేతే చదివించుకునేది. ఒకసారి అలాంటి ఉత్తరంలో, చెల్లెలి మొగుడు తాగొచ్చి కొట్టాడన్న వాక్యం ఉంటే, వినడానికి బాధగా ఉంటుందని దాటేసి చదివాను. చివరిదాకా విని, "మధ్యలో ఒక వరస వదిలినావు" అంది. అంతకు ముందు ఇంకెవరి చేతనైనా చదివించుకుందేమో. కాగితం మీద ఒక వరస నేనెంతసేపు చూశానో గమనించిందేమో. నాకు తెలియదు.

తెలిసే వేసి ఉంటే దానికి కారణం కూడా నాకు కనిపిస్తుంది. క్షేమం అన్న కార్డు అందితే మా అత్తగారు వీలు చూసుకుని, మంచిరోజు చూసుకుని, పదిహేను రోజులకు వచ్చేది. పోయిందన్న కార్డు అందితే మొదటి రైలుకే వస్తుంది. అప్పటికి ఆయమ్మ ఆరు రోజులుగా నడుం వాల్చలేదు. ఆమెకు ఇంకో వెచ్చటి ఒళ్లు కావాలి. నా ఒళ్లు సిరాతో ఉంది.

పోయిన ఏడాది ఒకసారి ధైర్యం చేసి అడిగాను. "ఆయమ్మా, నీకు చదువొచ్చా?" అప్పుడు మా అమ్మాయి ఆమె తల దువ్వుతోంది. ఆయమ్మ కళ్లు మూసుకునే, "వస్తే ఏంది ఇప్పుడు, ఉద్యోగం ఇప్పిస్తావా?" అంది. మా అమ్మాయి పకపకా నవ్వింది. నేను కూడా నవ్వేసి ఊరుకున్నాను.

పోయిన నెలలో నాలుగు రోజుల జ్వరంతో పోయింది. మరణవార్త రాయడానికి కూర్చుంటే పేరు తెలియదు. కొడుకును అడిగితే చెప్పాడు. చాలా చక్కటి పేరు. అది ఆమెదని నాకు నమ్మకం కుదరక, చివరికి రాయనే లేదు. ఇన్నాళ్ల ఉద్యోగంలో నేను రాయలేకపోయిన మరణవార్త అదొక్కటే.

సమాధి చేసేచోట సన్నగా వాన. పాస్టరు ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరూ గుప్పెడు మట్టి వేశాం. మా అమ్మాయి ఇప్పుడు నలభైరెండు పౌన్లు. బడిలో కాకి కథ చెప్పని రోజు లేదు. కాకి తన్నిన చోటు అని పాపిట పక్కన ఒక మచ్చ కూడా చూపిస్తుంది. నా భార్య గొడుగు కింద నా పక్కన నిలబడి ఏడుస్తోంది.

"ఆ రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదండీ నేను. గిన్నె నేల మీద పెట్టాను. ఒక్కసారైనా క్షమించమని అడగలేదు" అంది.

నోరు తెరిచాను. "ఆమె ఏమీ అనుకోలేదులే" అన్నాను.

అది జరిగి మూడు వారాలు దాటింది. రోజూ ఆఫీసుకు బయలుదేరేటప్పుడు చెప్పులు వేసుకుంటూ, సాయంత్రం చెబుదామనుకుంటాను. ఈ రాసిందంతా మా పత్రిక ఆదివారం అనుబంధంలో వస్తుంది. నా భార్య అనుబంధం మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదువుతుంది. ఇవాళ శుక్రవారం. ఇంకా చెప్పలేదు.